సూరీడమ్మకు బాకీ ఉన్న చరణం

కంప్యూటరు ఆటలో పాడిన పాట దేవుడికి వినబడుతుందా అన్న అనుమానం పారినాయుడికి ఇరవై రెండేళ్లుగా ఉంది. ఎందుకంటే పాలగెడ్డలో ఇరవై రెండేళ్లుగా ఎవరు పాడాలన్నా పురపాలక సంఘం వారి ఆటలోనే పాడాలి. బయట గొంతు పలకదు.

నిబంధన ఒక మంగళవారం వచ్చింది. మూడు గుళ్ల మైకులు, రెండు కల్యాణ మండపాల మైకులు, వీటిలో పొద్దున్నే ఏది ముందు మోగాలన్న తగువు ఎన్ని సమావేశాలు పెట్టినా తేలలేదు. చివరికి సామాన్ల గదిలో పడి ఉన్న ఒక పాత కంప్యూటరు, అందులో 'గానయాత్ర' అనే ఆట ఎవరి కంటనో పడ్డాయి. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఆ ఆటలో ఇంకేమీ ఉండవు. బొమ్మలు లేవు, చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడమే దాని ముఖ్యమైన అర్హత అని తీర్మానంలో రాశారు. ఇకపై పట్టణంలో సంగీతం యావత్తూ ఈ ఆటలోనే జరగాలని మంగళవారం సాయంత్రం ఉత్తర్వు అంటించారు. బుధవారం తెల్లవారేసరికి ఊళ్లో ఏ గొంతులోనూ రాగం లేదు. మాట వస్తోంది, దగ్గు వస్తోంది, పాట మాత్రం రావడం లేదు. జనం దీనికి బాధపడిన దానికన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయారు. కాలువలో పూడిక తీయాలన్న ఉత్తర్వు అమలు కావడానికి పదకొండేళ్లు పట్టింది మరి.

తర్వాత అలవాటైపోయింది. పెళ్లిలో పురోహితుడు "గట్టిమేళం" అనగానే సంఘం ఉద్యోగి లేచి, 'గట్టిమేళం మోగినది' అని అచ్చయిన కాగితం చదువుతాడు. పెళ్లికూతురి తల్లి సరిగ్గా అక్కడే కళ్లు తుడుచుకుంటుంది. బాలింతలకు నెలకు ముప్పై చీటీలు ఇస్తారు. 'తల్లి జోల పాడినది. బిడ్డ నిద్రించినది' అని ఉంటుంది చీటీలో. చదివితే బిడ్డ నిద్రపోతుంది. కోయిలలు మాత్రం రెండు వేసవులు కార్యాలయం గోడ మీద కూర్చుని చూసి, టోకెను అందక, గెడ్డ వాగు దాటి పక్క మండలానికి వెళ్లిపోయాయి.

పారినాయుడు జూట్ మిల్లులో మగ్గం మీద పనిచేసి విరమించినవాడు. రోజూ స్నానం చేసి, నుదుట తిరునామం దిద్దుకోకుండా కాఫీ ముట్టడు. చదువు ఎనిమిదో తరగతి దాకా. పట్టణంలో పాడేవాళ్లు నలభై ఒక్కమందికీ తలా వారంలో ఒక రోజు, ఒక పూట వంతుగా కేటాయించారు. అతని వంతు శనివారం. ఆ రోజు టోకెను తీసుకుని, వరసలో నిలబడి, కంప్యూటరు ముందు కూర్చుంటే తెర మీద ఇలా ఉండేది:

గొంతు: 31
1. సాధన చేయుట
2. కచేరీ చేయుట
3. విశ్రాంతి

అతను ఎప్పుడూ ఒకటో అంకే నొక్కేవాడు. 'మీరు సాధన చేశారు. గొంతు: 32' అని వచ్చేది. సంతోషంగా ఇంటికి వెళ్లేవాడు. తర్వాతి శనివారం వచ్చి చూస్తే గొంతు నాలుగో, తొమ్మిదో ఉండేది. ఎందుకు తగ్గిందో తెలిసేది కాదు. ఆ వారం తాను చేసిన పాపాలు లెక్కపెట్టుకునేవాడు. ఒక వారం గుళ్లో చెప్పులు మార్చుకొచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఒక వారం ఎంత వెతికినా ఏమీ దొరకక, భార్య అచ్చియ్యమ్మను అడిగాడు.

"నానేటి తప్పు సేసానంటావు?"

"ఇప్పుడేనేటి? కూకో, మొదట్నుంచి సెప్తాను," అంది అచ్చియ్యమ్మ.

ఇంత ఓర్పుగా అతను ఆ వరసలో నిలబడటానికి కారణం పేరు కోసం కాదు, బాకీ కోసం. పాలగెడ్డ భజనల్లో అడుగు పాటలని ఉండేవి. ఒకరు చరణం ఎత్తి దేవుణ్ని అడుగుతారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు దేవుడి తరఫున బదులు పాడాలి. అడిగిన చరణానికి బదులు రాకపోతే అది బాకీ కింద లెక్క. అడిగినవాళ్లు ఇంకో పాట ఎత్తకూడదు, వాకిలి గడియ కూడా పెట్టకూడదు. పిలిచాక వచ్చేవాడికి తలుపు తీసి ఉంచాలి కదా. మామూలుగా ఆ బాకీ క్షణంలో తీరిపోయేది. కానీ ఆ మంగళవారం సాయంత్రం భజనలో, అతనికి అక్క వరసయ్యే సూరీడమ్మ,

"ఎందాక వచ్చావు రామయ్యా, ఎందాక వచ్చావు?"

అని ఎత్తింది. పారినాయుడు బదులు కోసం ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడే సంఘం ఉద్యోగి ఉత్తర్వుతో లోపలికి వచ్చాడు. పీల్చిన ఊపిరి మామూలు ఊపిరిగానే బయటికి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి సూరీడమ్మ వాకిలికి గడియ పడలేదు. మేకలు వచ్చాయి, వానజల్లు వచ్చింది, ఎన్నికలప్పుడు మూడు పార్టీల వాళ్లూ వచ్చారు. ఆమె కునుకు తీయడం తలుపు చూస్తూనే. ఇప్పుడామెకు ఎనభై ఒకటి. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా ఉగాది దాటదని డాక్టరు చెప్పాడు. సంక్రాంతి వెళ్లిన వారానికి పారినాయుడు పలకరించడానికి వెళ్లాడు.

"ఏరా, నా బదులు ఎప్పుడిస్తావు?" అంది.

"గొంతు నలభై దాటట్లేదు అప్పా. నూరొస్తే గానీ బయట పాడనియ్యరు."

"ఉగాది దాటేక ఇస్తే నాకెలగ తెలుస్తాది? నీ నోరు సూసి, ఆవలిస్తన్నాడు గావాలనుకుంటాను."

నవ్వుతూనే అంది. కానీ అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

నిబంధనల్లో పద్నాలుగోది ఒకటుంది. ఆటలో గొంతు నూరు చేరిన కళాకారుడు కార్యాలయ ఆవరణలో, మూడు నిమిషాలకు మించకుండా, ఒక్కసారి నోటితో పాడవచ్చు. ఇప్పటిదాకా ఎవరూ చేరలేదు. వైద్య కారణాల మీద నూరు కన్నా తక్కువకే అనుమతి ఇవ్వాలని పారినాయుడు అర్జీ పెట్టుకున్నాడు. గుమస్తా హేమసుందరి అర్జీని తిప్పి చూసింది. ఆమె ముక్కుసూటి మనిషే గానీ, చెడ్డది కాదు.

"నాయుడుగారూ, ఆటలో మీ చరిత్ర జత చెయ్యాలి. అచ్చు తీసి ఇస్తాను, కూర్చోండి."

అచ్చుయంత్రం కరకరలాడుతూ మొదలైంది. రెండు మూడు కాగితాలు వస్తాయనుకున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి గది సగం నిండింది. హేమసుందరి మోకాళ్లలోతు కాగితాల్లో నిలబడి మొదటి పుట చదివింది.

"కళాకారుడి పేరు, శ్రీరామ. ఊరు పాలగెడ్డ. అనుభవం ఇరవై రెండేళ్లు. సాధన ముప్పై ఎనిమిది వేల చిల్లర. కచేరీలు ఏడు వేల చిల్లర." తలెత్తింది. "ఇదేంటండీ, మీ పేరు శ్రీరామ అని ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదమ్మా. నానే మొదట శ్రీరామ కొట్టి కూకుంటాను. కొత్త కాయితమైనా, కొత్త ఖాతా పుస్తకమైనా ముందు శ్రీరామ రాయకుండా ఎలగ మొదలెడతారు?"

ఆట మొదట్లో 'పేరు?' అని అడుగుతుంది. ఆ ఖాళీలో పారినాయుడు శ్రీరామ అని కొట్టేవాడు. 'శ్రీరామ గారూ, స్వాగతం' అనేది యంత్రం. తాను దేవుణ్ని తలుచుకుంటే యంత్రం కూడా తలుచుకుంటోందని, చాలా మర్యాద తెలిసిన యంత్రమని అతను ఇన్నేళ్లూ మెచ్చుకుంటున్నాడు. హేమసుందరి మిగిలిన నలభై మంది చరిత్రలు వెతికింది. నలభై చరిత్రలు లేవు. నలభై ఒక్కమందీ శ్రీరామే కొట్టారు. పట్టణంలో ఆటకు తెలిసిన కళాకారుడు ఒక్కడే. ఆయన గొంతును నలభై ఒక్కమంది తలా ఒక వంతు ఆడుతున్నారు. శనివారం పారినాయుడు పెంచినదాన్ని సోమవారం ఇంకెవరో ఖర్చు పెడుతున్నారు.

"మీరు తప్పు చూసుకోలేదా అమ్మా, ఇన్నాళ్లూ?" అన్నాడు పారినాయుడు.

హేమసుందరి తన రిజిస్టరు తెరిచి చూపించింది. ప్రతి పుట పైనా ఎర్ర సిరాతో శ్రీరామ అని ఆమె చేతిరాతే ఉంది.

ఆ రోజు ఇంటికి నడుస్తూ పారినాయుడు ఆలోచించాడు. పాట దేవుడికి చేరుతుందా అని ఇరవై రెండేళ్లు బెంగపడ్డాడు. తీరా చూస్తే పాట దేవుడి పేరు మీదే నమోదవుతోంది. చేరడమేమిటి, బయల్దేరడమే అక్కడి నుంచి. అయితే పాడేది ఆయనైతే వినేదెవరు? ఈ కొత్త అనుమానం పాతదానికన్నా అతనికి నచ్చింది.

మర్నాడు మిగతా నలభైమందినీ కార్యాలయం మెట్ల మీద కూర్చోబెట్టాడు. సంగతి చెప్పాడు. అందరూ ఒకటే నొక్కితే, ఎవరూ రెండు నొక్కకపోతే, మూడు వారాల్లో నూరు వస్తుంది. కచేరీ నొక్కిన ప్రతిసారీ గొంతు ఇరవై పోతోంది. అందరూ తలలూపారు. తవిటయ్య మాత్రం ఊపలేదు. తవిటయ్య ఒకప్పుడు పెళ్లిళ్లలో సన్నాయి వాయించినవాడు. సోమవారం వంతు అతనిది. ఇరవై రెండేళ్లుగా ప్రతి సోమవారం రెండే నొక్కాడు.

"నీ వల్లేట్రా నా గొంతు ఎప్పుడూ అడుగంటేది!" అన్నాడు పారినాయుడు. "నాను నా పాపాలనుకున్నాను!"

"పాపాలు లేవేటి నీకు?" అన్నాడు తవిటయ్య. తర్వాత తల దించుకున్నాడు. "రెండు నొక్కితే 'జనం చప్పట్లు కొట్టారు' అనొస్తాది బావా. ఆ ఒక్క ముక్క కోసం వారమంతా ఉంటాను. ఇంట్లో గోడకి అంటించుకున్నాను, అన్నీ. సాధన నొక్కితే ఏటొస్తాది? ఒకటి పెరిగిందంటాది. నాకు అరవై మూడేళ్లు. ఒకటి పెరిగితే నాకేటి?"

ఆ మాటకు బదులు ఆట దగ్గర లేదు. పారినాయుడు లేచి, కిటికీలోంచి లోపలున్న హేమసుందరిని అడిగాడు.

"అమ్మా, హేమమ్మా. చప్పట్లు కొట్టడం నిబంధనలో ఉందా?"

ఆమె పుస్తకం చూసింది. "గానం, వాద్యం, ఈల, కూనిరాగం ఉన్నాయి. చప్పట్లు లేవు. తాళం పడకుండా కొట్టాలి, అంతే."

అలా ఆ సోమవారం తవిటయ్య కంప్యూటరు ముందు కూర్చుని, శ్రీరామ కొట్టి, ఒకటి నొక్కాడు. కిటికీ అవతల నిలబడిన నలభైమంది తాళం పడకుండా, ఎవరికి తోచినట్టు వాళ్లు చప్పట్లు కొట్టారు. అతను బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి, ఏం చేయాలో తెలియక అందరికీ దండం పెట్టాడు. రెండో సోమవారం భార్యను, ఇద్దరు కోడళ్లను కూడా తీసుకొచ్చాడు.

మూడో వారం శనివారం పారినాయుడి వంతు వచ్చేసరికి గొంతు తొంభై తొమ్మిది ఉంది. అతను ఒకటి నొక్కబోతుండగా తెర మీద ఎప్పుడూ చూడని వాక్యం కనిపించింది. 'పక్క పట్టణంలో పెద్ద సభ. అధ్యక్షులు మీ కోసం లేచి నిలబడి ఉన్నారు. వెళతారా?' లేచి నిలబడ్డవాళ్లను అలాగే నిలబెట్టి ఉంచడం మర్యాద కాదని అతనికి ఒక్క క్షణం అనిపించింది. తర్వాత గడియ లేని తలుపు గుర్తొచ్చింది.

"కూకోండి బాబూ, తరవాతొస్తాను," అని పైకే అని, ఒకటి నొక్కాడు.

గొంతు: 100.

పద్నాలుగో నిబంధన ప్రకారం కళాకారుడు స్వయంగా హాజరై గుర్తింపు చూపాలి. గురువారం పొద్దున్న పది గంటలకు రామాలయం నుంచి ఉత్సవ విగ్రహాన్ని పల్లకిలో తెచ్చారు. సంగీత పర్యవేక్షకుడు కుర్చీలోంచి లేచి, చెప్పులు విప్పి, మళ్లీ కూర్చుని, దరఖాస్తు నింపడం మొదలుపెట్టాడు. శాశ్వత చిరునామా దగ్గర ఇబ్బంది రాలేదు. వృత్తి దగ్గర పూజారి కాస్త తడబడి 'పరిపాలన' అన్నాడు. 'గతంలో సొంత ఊరు విడిచి ఎక్కువ కాలం బయట ఉన్నారా?' అన్న గడి దగ్గర కలం ఆగింది.

"పద్నాలుగేళ్లండి," అన్నాడు పూజారి.

"కారణం?"

"తండ్రి మాటండి."

"లిఖితపూర్వకంగా ఉందా?"

"నోటిమాటేనండి."

పర్యవేక్షకుడు నిట్టూర్చాడు. 'నోటి ఆదేశంపై స్థానచలనం' అని రాసుకుని, తనకూ ఒకసారి అలాగే జరిగిందని చెప్పాడు. వేలిముద్ర బదులు గంధం బొట్టు తీసుకున్నాడు. తర్వాత విగ్రహం వైపు తిరిగి, గొంతు సవరించుకుని అడిగాడు.

"పాడతారా?"

విగ్రహం ఏమీ అనలేదు. మూడుసార్లు అడిగాడు. హేమసుందరి పక్కకు వంగి మెల్లగా చెప్పింది.

"సార్, మూడుసార్లు అడిగినా అభ్యంతరం రాకపోతే అంగీకారం కింద రాస్తాం కదా. ఆయన తరఫున ఇక్కడున్నవాళ్లు పాడొచ్చు. పంపు సెట్ల దస్త్రంలో అలాగే చేశాం."

రాశారు. గోడ గడియారం చూశారు. సూరీడమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కుడి చెవి ఇటు వచ్చేలా తిప్పారు. పారినాయుడు ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. సరిగ్గా ఆ మంగళవారం కూర్చున్నంత దూరంలోనే.

"మళ్లీ అడగనేటి?" అంది సూరీడమ్మ.

"ఒద్దప్పా. అడిగిందే ఉంది ఇంకా."

ఊపిరి పీల్చుకున్నాడు. నూరు ఉన్నది ఆటలో. ఒంట్లో ఉన్నది మాత్రం ఇరవై రెండేళ్లు వాడని గొంతు. అది తుప్పు పట్టిన గేటులా కిర్రుమంది. మొదటి మాట శ్రుతిలో పడనే లేదు. రెండోది పడింది.

"వాకిట్లో ఉన్నానమ్మా, వాకిట్లోనే ఉన్నాను."

ఎలా వినాలో జనం మరిచిపోయారు. వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ "పారినాయుడు పాడినాడు" అని చదివినట్టు అన్నారు. పక్కవాళ్లు చేయి నొక్కారు. సూరీడమ్మ కళ్లు మూసుకుని, ఆ చరణాన్ని రెండోసారి లోపల విన్నట్టుంది. తర్వాత తలూపింది.

"ముట్టిందిరా," అంది.

ఇంకా రెండు నిమిషాల చిల్లర మిగిలింది. అందులో తవిటయ్య సన్నాయి మీద ఒకే ఒక స్వరం పట్టి, ఊపిరి ఆగేదాకా వదల్లేదు. చంటిదాన్ని ఎత్తుకున్న ఒకావిడ, చీటీ లేకుండా, మాటలు లేని జోల ఒకటి మొదలుపెట్టింది. సమయం అయిపోయిందని పర్యవేక్షకుడు చేయి ఎత్తాడు. ఆ ఎత్తిన చేయిని కాసేపు అలాగే ఉంచి, జోల పూర్తయ్యాక దించాడు. రికార్డులో మూడు నిమిషాలనే రాశారు.

ఆ తర్వాత తెర మీద 'మీ సంగీత జీవితం ముగిసింది. మళ్లీ మొదలుపెట్టాలా?' అని వచ్చింది. నలభై ఒక్కమందీ వంగి చూశారు. "నొక్కమ్మా," అన్నారు. హేమసుందరి నొక్కింది. గొంతు సున్నా దగ్గరికి వచ్చింది. బయట మళ్లీ ఎవరి గొంతూ పలకలేదు. ఎవరూ గొడవ చేయలేదు. మూడు వారాల పనే కదా అనుకున్నారు. ఏడాదికి ఎన్ని మూడు నిమిషాలు వస్తాయో తవిటయ్య వేళ్ల మీద లెక్కపెడుతూ ఇంటికి వెళ్లాడు. ఇకపై పేరు గడిలో ఎవరి పేరు వారే రాయవలెనని సంఘం ప్రకటన అంటించింది. ప్రకటన పైన, మధ్యలో, శ్రీరామ అని ఉంది.

శనివారం పొద్దున్న పారినాయుడు టోకెను కోసం బయల్దేరి సూరీడమ్మ వీధిలోంచి వెళ్లాడు. ఆమె తలుపు మూసి ఉంది. ఆ తలుపు రంగేమిటో అతను చూడటం ఇరవై రెండేళ్లలో అదే మొదటిసారి, నీలం. తలుపు తట్టాడు. ఇంకోసారి గట్టిగా తట్టాడు.

"ఎవులది?" అని లోపలి నుంచి వినిపించింది.

"నానే అప్పా, పారినాయుణ్ని."

"నీ బాకీ తీరిపోనాది కదరా. ఇంకేటి? నన్ను పడుకోనీ."

లోపల గడియ ఒకసారి కదిలి, సరిగ్గా పడిందో లేదో చూసుకున్నట్టు మళ్లీ బిగుసుకుంది. పారినాయుడు చప్పుడు కాకుండా మెట్టు దిగి, వరసలో నిలబడటానికి వెళ్లాడు.